బోటులోని ఎలక్ట్రానిక్ పరికరాలు: ఏవి నడుస్తూ ఉండాలి, ఏవి ఆపాలి?

మరబోట్ల యజమానులు, సరంగులు బ్యాంకు క్షేత్రాధికారులను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. జీపీఎస్, చేపల జాడ తెలిపే ఫిష్ ఫైండరు, వైర్‌లెస్ సెట్టు మొదలైన వాటిని ఎల్లప్పుడు నడుస్తూ ఉండనివ్వాలా, లేక పని లేనప్పుడు ఆపివేయాలా అన్నదే ఆ ప్రశ్న. ఈ విషయంలో హార్బరులో రెండు వాదనలు వినవస్తాయి. పరికరం నిరంతరం నడుస్తూ ఉంటే లోపల వెచ్చగా ఉండి ఉప్పు తేమ పట్టదనీ, మాటిమాటికి స్విచ్చి వేయడం వల్లనే అది చెడిపోతుందనీ కొందరి అభిప్రాయం. రాత్రంతా నడిపితే బ్యాటరీ దిగిపోయి తెల్లవారుజామున ఇంజను లేవదు కనుక అన్నింటినీ ఆపివేయడమే క్షేమమని మరికొందరి అభిప్రాయం.

రెండు వాదనలలోను కొంత నిజమున్నది. కాని అన్ని పరికరాలకూ, అన్ని వేళలకూ ఒకే సమాధానం చెప్పడంలోనే పొరపాటు ఉన్నది. పాటించవలసిన సూత్రం ఇది. ప్రాణాన్ని కాపాడే పరికరం సముద్రంలో ఉన్నంతసేపు ఆగరాదు. వేటకు తోడ్పడే పరికరం పని ఉన్నంతసేపే నడవాలి. ఒడ్డున కట్టివేసిన బోటులో అడుగు నీరు తోడే పంపు తప్ప మరేదీ నడవరాదు. ఈ సూత్రానికి గల కారణాలను, దానిని ఆచరణలో పెట్టే పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

బ్యాటరీని నిజంగా ఖాళీ చేసేది ఏది?

ముందుగా లెక్క చూద్దాము. మీ బోటులో 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒకటి ఉన్నదనుకోండి. అందులో ఉన్నదంతా వాడుకోవచ్చునని భావించరాదు. సీసపు బ్యాటరీని సగానికి మించి దించితే పలకల మీద సల్ఫేటు పొర గట్టిపడి దాని ఆయుర్దాయం వేగంగా తగ్గుతుంది. కనుక మీరు వాడుకోదగినది సుమారు 75 ఆంపియర్-అవర్లు మాత్రమే.

ఇప్పుడు లంగరు వేసి, ఇంజను ఆపి, 10 గంటలు గడిపే ఒక రాత్రిని తీసుకోండి. సాధారణమైన జీపీఎస్ గంటకు సుమారు అర ఆంపియరు చొప్పున రాత్రికి 5 ఆంపియర్-అవర్లు తీసుకుంటుంది. చిన్న ఫిష్ ఫైండరు గంటకు సుమారు 1 ఆంపియరు చొప్పున 10 తీసుకుంటుంది. వైర్‌లెస్ సెట్టు వింటూ ఉన్నంతసేపు గంటకు 0.4 ఆంపియరు చొప్పున 4 తీసుకుంటుంది. మూడింటికీ కలిపి అయ్యే ఖర్చు 19 ఆంపియర్-అవర్లే. అదే బోటులో 25 వాట్ల పాతరకం దీపాలు నాలుగు వెలిగితే వాటికి గంటకు 8 ఆంపియర్లకు పైగా, రాత్రికి 83 ఆంపియర్-అవర్లు కావాలి. మొత్తం 102 అవుతుంది. బ్యాటరీ ఇవ్వగలిగినది 75. తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే ఇంజను మూలుగుతుందే గాని లేవదు.

ఆ నాలుగు దీపాల స్థానంలో 4 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు పెట్టి చూడండి. వాటి ఖర్చు రాత్రికి సుమారు 13 ఆంపియర్-అవర్లకు తగ్గుతుంది. పరికరాలన్నింటితో కలిపి మొత్తం 32కు మించదు. ఫిష్ ఫైండరును కూడా ఆపితే 22 మాత్రమే. దీనిని బట్టి ఒక విషయం స్పష్టమవుతున్నది. బ్యాటరీని ఆదా చేయడానికి జీపీఎస్‌ను, వైర్‌లెస్‌ను ఆపడం సరియైన మార్గం కాదు. అధిక వ్యయం చేసేది పాత దీపాలు, పాటల పెట్టె, అందరి ఫోన్ల చార్జింగు. పొదుపును అక్కడ నుండి మొదలుపెట్టాలి. మీ పరికరాల వెనుక అంటించిన చీటీ మీద వాట్లు గాని, ఆంపియర్లు గాని రాసి ఉంటాయి. వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఈ లెక్కను మీ బోటుకు మీరే ఒకసారి వేసి చూసుకోండి.

బ్యాటరీ స్థితిని ఊహతో నిర్ణయించకండి. చార్జింగు ఆగిన తరువాత కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ 12.6 లేక 12.7 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్లు. 12.2 చూపితే సగానికి వచ్చినట్లు. 12 కంటే దిగితే దానిని మీరు దెబ్బతీస్తున్నట్లే. కొద్దిపాటి ఖర్చుతో దొరికే వోల్టు మీటరును సరంగు ఎదుట బిగించుకుంటే ఈ విషయం ఎప్పటికప్పుడు తెలుస్తుంది.

సముద్రంలో ఆపకూడనివి

మొదటిది వైర్‌లెస్ సెట్టు. బోటు రేవు దాటినప్పటి నుండి తిరిగి వచ్చేవరకు వీహెచ్‌ఎఫ్ సెట్టు 16వ ఛానలు వింటూ ఉండాలి. ఆపదలో ఉన్నవారి పిలుపు వచ్చేది ఆ ఛానలు మీదనే. మీ మీదికి వస్తున్న ఓడ మిమ్మల్ని పిలిచేది కూడా దాని మీదనే. తోటి బోట్లతో మాట్లాడడానికి వేరే ఛానలు వాడుకోండి. సెట్టులో రెండు ఛానళ్ళను ఒకేసారి వినే సౌకర్యం ఉంటే దానిని ఉపయోగించండి. ఈ సెట్టు మాట్లాడేటప్పుడు మాత్రమే 5, 6 ఆంపియర్లు తీసుకుంటుంది. కనుక బ్యాటరీ తగ్గినప్పుడు మాటలు తగ్గించాలి గాని వినడం మానరాదు.

రెండవది జీపీఎస్. పగటిపూట, తీరం కనబడుతున్నంతసేపు దాని అవసరం లేదని తోచవచ్చును. కాని చాలాకాలం ఆపి ఉంచి, దూరం వెళ్ళిన తరువాత తిరిగి వేసినప్పుడు అది ఉపగ్రహాలను వెతుక్కుని స్థానం చూపడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఉపగ్రహాల పట్టిక మొత్తం తిరిగి అందుకోవడానికే పన్నెండున్నర నిమిషాలు కావాలి. పొగమంచులో, గాలివానలో, రాత్రివేళ ఆ నిమిషాలలో బోటు ఎటు కొట్టుకుపోతున్నదో తెలియదు. అర ఆంపియరు కోసం అంతటి ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడం వివేకం కాదు.

సముద్రం మీద సరిహద్దు గీత కంటికి కనిపించదు. 2018 నవంబరులో గుజరాత్ తీరపు బోట్ల మీద పనికి వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ అధికారుల చేతికి చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని వాఘా మీదుగా స్వదేశానికి రాలేకపోయారు. వారి కుటుంబాలు ఏడాదికి పైగా పడిన బాధ ఉత్తరాంధ్ర తీరానికంతటికీ తెలుసు. దూరపు వేటకు వెళ్ళే బోటులో సరిహద్దును జీపీఎస్‌లో గుర్తుపెట్టుకుని, దగ్గర పడినప్పుడు హెచ్చరిక మోగేటట్లు అమర్చుకోవాలి. ఆ హెచ్చరిక పనిచేయాలంటే పరికరం నడుస్తూ ఉండాలి.

మూడవది ట్రాన్స్‌పాండరు. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ రూపొందించిన ఈ పరికరాన్ని 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలో లక్ష బోట్లకు అమర్చే పథకం 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభమైనది. సెల్‌ఫోను సిగ్నలు అందని చోట కూడా దీని ద్వారా తుపాను హెచ్చరికలు బోటుకు చేరుతాయి. మీరు కూడా ఒడ్డుకు చిన్న సందేశాలు పంపవచ్చును. తమ వేటస్థలం ఇతరులకు తెలిసిపోతుందన్న శంకతో దీనిని ఆపివేయాలని కొందరికి అనిపించవచ్చును. వాయుగుండం బలపడుతున్నదన్న కబురు అందవలసిన సమయంలో ఆపివేసిన పరికరం ఉన్నా లేనట్లే.

నాల్గవది దీపాలు. సూర్యాస్తమయం నుండి సూర్యోదయం వరకు నియమిత దీపాలు వెలుగుతూ ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. ట్రాలు వల లాగే బోటు తెలుపు మీద ఆకుపచ్చ దీపం, ఇతర వలలతో వేట చేసే బోటు తెలుపు మీద ఎరుపు దీపం చూపాలి. విశాఖపట్నం, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం ఓడరేవులకు వచ్చిపోయే పెద్ద ఓడల దారిలో దీపం లేని బోటు ఉండడం ప్రాణాంతకం. బ్యాటరీ ఆదా కోసం దీపం ఆర్పకండి, దీపాన్నే మార్చండి.

వీటికి భిన్నమైనది ఒకటి ఉన్నది. ఆపద సమయంలో సంకేతం పంపే డాట్ అనే పరికరాన్ని నిజమైన ప్రమాదం ఏర్పడినప్పుడు మాత్రమే నొక్కాలి. 2024 జనవరిలో విడుదలైన దాని రెండవ తరం నమూనాలో, మీ పిలుపు అందినదని తిరుగు సమాచారం కూడా బోటుకు వస్తుంది. పరీక్ష కోసమో, పొరపాటునో నొక్కితే తీరరక్షక దళం లేని ఆపద కోసం వెతుకుతుంది. ఆ సమయంలో నిజమైన ఆపదలో ఉన్నవారికి సహాయం ఆలస్యమవుతుంది. సెల్‌ఫోను పనిచేసే చోట తీరరక్షక దళానికి 1554, సముద్రతీర పోలీసులకు 1093 నంబర్లు ఉన్నాయి. వీటిని క్యాబిన్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

పనిని బట్టి నడపవలసినవి

ఫిష్ ఫైండరు బోటు అడుగున ఉన్న స్ఫటికం ద్వారా ధ్వనిని కిందికి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి లోతును, చేపల గుంపును చూపుతుంది. ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాదు నుండి తెలియజేసే వేటస్థలానికి జీపీఎస్ సహాయంతో చేరేవరకు దీని అవసరం అంతగా ఉండదు. వేట ముగిసి లంగరు వేసిన తరువాత అసలే ఉండదు. ఆ వేళల్లో ఆపివేయవచ్చును. కాని కృష్ణా, గోదావరి పాయల ముఖద్వారాల వద్ద, ఇసుక మేటలు మారుతూ ఉండే కాలువలలో లోతు చూపేది ఇదే. అక్కడ ఇది వేట సాధనం కాదు, రక్షణ సాధనం. రేవు ప్రవేశంలో తప్పక నడపాలి. బోటును మరమ్మతు కోసం ఒడ్డుకు ఎక్కించినప్పుడు మాత్రం దీనిని వేయరాదు. స్ఫటికం నీటిలో ఉండి పనిచేయడానికి చేయబడినది. గాలిలో నడిస్తే వేడెక్కి దెబ్బతినే ప్రమాదమున్నది.

ఉరుములు, మెరుపులు దగ్గరపడినప్పుడు వెంటనే అవసరం లేని పరికరాలను ఆపి, వాటి ఏరియల్ తీగను, కరెంటు తీగను ఊడదీయడం మంచిది. స్విచ్చి మాత్రమే ఆపితే పిడుగు నుండి రక్షణ లభించదు. చేతిలో పట్టుకునే వైర్‌లెస్ సెట్టు, చేతి జీపీఎస్ ఉన్నవారు వాటిని మూత గట్టిగా బిగిసే స్టీలు డబ్బాలో ఉంచుకుంటే, బోటు సెట్టు కాలిపోయినా అవి మిగులుతాయి.

ఫైబరు తెప్పలవారికి ఒక మాట. మీ ఇంజనుకు చార్జింగు సౌకర్యం లేకపోవచ్చును. ఘటాలతో నడిచే చేతి జీపీఎస్‌ను నిరంతరం నడపడం సాధ్యపడకపోవచ్చును. అటువంటప్పుడు ఒడ్డునే దానిని వేసి, ఇంటి రేవు స్థానాన్ని గుర్తుపెట్టుకోండి. పగటిపూట ప్రతి అరగంటకు ఒకసారి వేసి చూసి ఆపండి. చీకటి పడినా, మంచు కమ్మినా ఆపకండి. మరొక జత ఘటాలను పాలిథీన్ సంచిలో కట్టి ఉంచుకోండి.

ఇంజను స్టార్టు చేసే వేళ

మాటిమాటికి స్విచ్చి వేయడం వల్ల పరికరం చెడిపోతుందన్న మాటకు మూలం ఇక్కడ ఉన్నది. రోజుకు నాలుగుసార్లు వేసి ఆపినంత మాత్రాన పరికరానికి హాని లేదు. హాని చేసేది ఇంజను సెల్ఫ్. అది తిరిగే క్షణంలో వందల ఆంపియర్ల కరెంటు గుంజుతుంది. బ్యాటరీ వోల్టేజి 10కి, బలహీనమైన బ్యాటరీలో అంతకంటె దిగువకు పడిపోయి తిరిగి ఒక్కసారిగా లేస్తుంది. ఆ కుదుపులో పరికరం ఆగిపోవచ్చును, దానిలో దాచుకున్న గుర్తులు చెరిగిపోవచ్చును, కొన్నిసార్లు లోపలి భాగాలే కాలిపోవచ్చును.

కనుక వరుస తప్పకండి. ముందు ఇంజను స్టార్టు చేయండి. వోల్టు మీటరు 13.8 నుండి 14.4 మధ్య నిలిచిన తరువాత పరికరాలు వేయండి. ఆపేటప్పుడు ముందుగా పరికరాలను వాటి సొంత బటనుతో ఆపండి. తరువాత ఇంజను ఆపండి. చివరగా మెయిన్ స్విచ్చి తీయండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మెయిన్ స్విచ్చిని ఎన్నడూ తీయరాదు. ఆల్టర్నేటరు నుండి వచ్చే కరెంటుకు దారి లేక వోల్టేజి ఎగసి, ఆల్టర్నేటరులోని డయోడ్లనూ, పరికరాలనూ కాల్చివేస్తుంది.

సముద్రం మధ్యలో, రాత్రివేళ ఇంజను స్టార్టు చేయవలసినప్పుడు వైర్‌లెస్‌ను ఆపాలా అన్న సందేహం కలుగుతుంది. దీనికి స్థిరమైన పరిష్కారం రెండు బ్యాటరీలు ఉంచుకోవడం. ఒకటి ఇంజను స్టార్టు చేయడానికే ప్రత్యేకించాలి. రెండవది దీపాలకు, పరికరాలకు వాడాలి. రెండూ ఒకే ఆల్టర్నేటరుతో చార్జి అయ్యేటట్లు, ఒకదానిలోని కరెంటు మరొకదానిలోకి పోకుండా వేరుచేసే అమరికను ఎలక్ట్రీషియను చేయగలడు. అప్పుడు రాత్రంతా వైర్‌లెస్ నడిచినా తెల్లవారి ఇంజను లేవకపోవడమనే భయం ఉండదు. ఏది ఆపాలన్న తర్జనభర్జనలో సగం దీనితో తీరిపోతుంది.

హార్బరులోను, నిషేధ కాలంలోను

రేవులో కట్టిన బోటులో పరికరాలను నడుపుతూ ఉంచితే తేమ పట్టదన్న వాదనను ఇప్పుడు పరిశీలిద్దాము. లోపలి వెచ్చదనం తేమను కొంత నివారించే మాట వాస్తవమే. కాని ఉప్పుగాలికి ముందుగా చెడేది పరికరం లోపలి భాగం కాదు. తీగలు కలిసే చోట్లు, ఫ్యూజు గూళ్ళు, ఏరియల్ బిగింపులు ముందుగా చెడుతాయి. ఉప్పు తేమ పట్టిన అతుకులో కరెంటు నిలిచి ఉంటే చిలుము మరింత వేగంగా పడుతుంది. తడి చెక్క ద్వారా, నీటి ద్వారా లీకయ్యే కరెంటు ప్రొపెల్లరును, షాఫ్టును కూడా తినివేస్తుంది. కనుక రేవులో మెయిన్ స్విచ్చి తీసివేయడమే మేలు. అడుగు నీరు తోడే ఆటోమేటిక్ పంపును మాత్రం వేరుగా, సొంత ఫ్యూజుతో, నేరుగా బ్యాటరీకి కలిపించండి. తేమ నివారణకు మంచినీటితో తడిపిన గుడ్డతో పరికరాన్ని తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, మూత వేయడం చాలును. అతుకులకు పెట్రోలియం జెల్లీ పూయండి.

ఆంధ్రప్రదేశ్ తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం అమలులో ఉంటుంది. ఎక్కువ బ్యాటరీలు పాడయ్యేది ఈ కాలంలోనే. నడపకపోయినా బ్యాటరీ తనంతట తాను కొంత దిగుతుంది. ఎండ తీవ్రత వల్ల ఇంకా త్వరగా దిగుతుంది. దానిని నిండుగా చార్జి చేసి, తీగలు ఊడదీసి, నీడన పెట్టండి. నెలకొకసారి తిరిగి చార్జి చేయించండి. డిస్టిల్డు నీటి మట్టం పలకలకు పైన ఉండేటట్లు చూడండి. ఊడదీయ వీలైన పరికరాలను ఇంటికి తెచ్చి పొడిగా భద్రపరచండి. పదిహేను రోజులకొకసారి అరగంట నడిపి చూస్తే వాటిలోని లోపం జూన్ 15న నడిసముద్రంలో కాక, ముందుగానే ఒడ్డున బయటపడుతుంది.

పరికరాన్ని ఆపే ముందు, నడిపే ముందు కూడా చేయవలసిన పని మరొకటి ఉన్నది. జీపీఎస్‌లో దాచుకున్న వేటస్థలాలు, వల చిక్కుకునే రాళ్ళు, మునిగిన ఓడల గుర్తులు, రేవు దారులు అన్నింటినీ అక్షాంశ, రేఖాంశాలతో ఒక పుస్తకంలో రాసి ఇంట్లో ఉంచండి. పరికరానికి వారంటీ ఉంటుంది. అనేక సంవత్సరాలుగా సరంగు కూడబెట్టిన ఆ గుర్తులకు వారంటీ ఎవరూ ఇవ్వలేరు.

విక్రేతలకు, ఋణగ్రహీతలకు సూచనలు

బోటు పరికరాల విక్రేతలు కొటేషను ఇచ్చేటప్పుడు పరికరం ధర మాత్రమే చూపితే ఋణం పొందిన వ్యక్తికి పూర్తి మేలు జరగదు. తగిన మందం గల తీగ, ప్రతి పరికరానికి విడి ఫ్యూజు, రెండవ బ్యాటరీ, వోల్టు మీటరు, అమర్చే ఖర్చు కూడా అందులో చేర్చండి. సన్నని తీగ వేస్తే దారిలోనే వోల్టేజి తగ్గి మంచి పరికరం కూడా సరిగా పనిచేయదు. చెడ్డపేరు పరికరానికీ, మీకూ వస్తుంది. అమ్మిన రోజున సరంగు చేతనే స్టార్టు చేసే వరుసను, ఆపే వరుసను ఒకసారి చేయించండి. ఆ వరుసను తెలుగులో రాసి స్విచ్చిల పక్కన అంటించండి.

ఋణగ్రహీతలు ఈ అదనపు సామగ్రిని మొదటి అంచనాలోనే చూపితే టర్ము ఋణంలో చేర్చే విషయాన్ని శాఖలో పరిశీలించే వీలుంటుంది. ఋణం మంజూరైన తరువాత బ్యాటరీ కోసం వడ్డీ వ్యాపారి వద్దకు వెళ్ళే అవసరం రాకూడదు. 2018-19లో కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యం మత్స్యకారులకు కూడా విస్తరించబడినది. నిర్వహణ ఖర్చుల నిమిత్తం దానిని ఎంతవరకు వాడుకోవచ్చునో మీ శాఖాధికారిని అడిగి తెలుసుకోండి. పరికరాల బిల్లులు, వాటి క్రమసంఖ్యలు, వారంటీ కార్డులు ఇంట్లో భద్రపరచండి. భీమా క్లెయిము వేళ ఇవే ఆధారం.

వేటకు వెళ్ళిన బోటు సకాలంలో తిరిగి వస్తేనే ఇంట పొయ్యి వెలుగుతుంది, వాయిదా తీరుతుంది. బ్యాటరీ మార్చవలసి వస్తే అది ఒక ఖర్చు మాత్రమే. రాత్రి సముద్రంలో వినిపించని హెచ్చరికకు, కనిపించని దీపానికి చెల్లించే మూల్యం వేరు. కనుక ఈసారి వేటకు బయలుదేరే ముందు మీ స్విచ్చి బోర్డు ఎదుట నిలబడి ఒక్కొక్క స్విచ్చిని చూడండి. ఆగకూడని వాటికి ఎర్ర రంగు, పని ఉన్నప్పుడే వేయవలసిన వాటికి తెల్ల రంగు పూయండి. చీకటిలోనైనా, తొందరలోనైనా కళాసీలలో ఎవరు చేయి చాపినా ఏది ఆపవచ్చునో, ఏది ఆపరాదో వారికి తెలియాలి.